రంగు కింద రంగు

జెర్రీక్యాన్ అంటే ఇప్పుడు చాలామందికి ప్లాస్టిక్ డబ్బా. నేను చెప్పబోయేది అసలుది, ఇనుపది. సినిమాల్లో మిలిటరీ జీపు వెనక బిగించి ఉంటుంది చూడండి... నెత్తిన మూడు పిడులు, పొట్ట మీద పెద్ద ఇంటూ గుర్తు... అదే! అలాంటిది మా ఇంట్లో ఒకటుంది. వరంగల్ శివనగర్‌లో మా ఇంటి మెట్ల కింద, విరిగిన కూలర్ స్టాండుకూ గొలుసులేని సైకిలుకూ మధ్య ఏళ్ల తరబడి పడుంది.

మొన్న ఎండాకాలం ముందు ఇన్వర్టరుకు చోటు కావాల్సి వచ్చి మెట్ల కింద ఖాళీ చేశాం. పాత ఇనుము కొనే తోపుడుబండి వచ్చింది. కూలర్ స్టాండు పోయింది. సైకిలు పోయింది. డబ్బాను కాటా మీద పెడితే నాలుగున్నర కిలోలు తూగింది. 'నూటిరవై ఇస్త మేడం' అన్నాడు బండి అబ్బాయి. 'ఇచ్చెయ్, పీడ పోతది' అంది అమ్మ. బాపు ఏమీ అనలేదు. వసారాలో కూర్చుని పేపరు చదువుతున్న మనిషి ఆ పేపరు దించలేదు గానీ, చాలాసేపటిదాకా పేజీ కూడా తిప్పలేదు. నాకా మాత్రం చాలు. డబ్బా కాటా మీంచి కిందికి దిగింది. దాన్ని బాగుచేస్తానని చెప్పాను. 'ఆఫీసు పని సాలదా బిడ్డా నీకు?' అని అమ్మ నవ్వింది.

మా బాపు ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరుగా పనిచేశాడు. 1973లో చేరి, పదిహేడేళ్లు శక్తిమాన్ లారీలు నడిపి, 1990లో నాయక్ హోదాలో పింఛను మీద ఇంటికొచ్చాడు. పఠాన్‌కోట్, శ్రీనగర్, లేహ్... ఆ పేర్లు మా ఇంట్లో పక్క ఊళ్ల పేర్లంత మామూలుగా వినిపించేవి. అట్లాగని ఈ డబ్బా ఆయన సైన్యం నుంచి పట్టుకొచ్చింది కాదు. సర్కారు సొత్తు ఒక్క నట్టు కూడా ఇంటికి తేలేదని ఆయన గర్వం. సైన్యం పనికిరావని పక్కన పెట్టిన సామాన్లను వేలం వేస్తారు కదా, వాటిని లాటుగా పాడుకున్నవాళ్లు విడివిడిగా అమ్ముకుంటారు. 1992లో సెకండ్‌హ్యాండ్ జీపు కొన్నప్పుడు, సికింద్రాబాద్‌లో అలాంటి ఓ దుకాణంలో ఎనభై రూపాయలకు కొన్నాడు దీన్ని. రశీదు ఇప్పటికీ పింఛను కాగితాల ఫైల్లో ఉంది! జీపుకు తగినట్టు ఎర్ర రంగు వేయించాడు. హన్మకొండ, ములుగు, ఏటూరునాగారం రూట్లో ఆ జీపు వెనక ఆ ఎర్ర డబ్బా ఊగుతూ వెళ్లడం నాకు లీలగా గుర్తు. తర్వాత జీపు పోయింది. డబ్బాకు బాపే స్వయంగా వెండి రంగు పూశాడు. రేషన్ గాసునూనె దాంట్లో పోసేవాళ్లం. నాకు తెలిసిన డబ్బా అదే, వెండి రంగుది. అది కూడా పెచ్చులు పెచ్చులుగా లేచి, అడుగున ఎక్కడో చిల్లు పడి, చివరికి ఉత్తదైపోయింది.

ముందు వాసన చూడండి

ఇలాంటి డబ్బా మీ ఇంట్లోనూ ఉండొచ్చు. బాగుచేద్దామని సరదా పుట్టొచ్చు. అందుకే ఈ ఒక్క సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. పెట్రోలు నిండుగా ఉన్న డబ్బా కంటే ఖాళీ డబ్బాయే ప్రమాదం. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ నిజం. మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. ఆ ఆవిరి గాలిలో సుమారు ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం మధ్య కలిసినప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. నిండు డబ్బాలో గాలికి చోటుండదు. ఖాళీ దాంట్లో గాలీ ఉంటుంది, అతుకుల్లో, తుప్పు పొరల్లో ఇంకిన చుక్కలూ ఉంటాయి. ఇంజనుకు కావలసిన సరంజామా అంతా సిద్ధమన్నమాట! పెట్రోలుకు సున్నాకు నలభై డిగ్రీల కింద కూడా ఆవిరి లేస్తుంది. మన వరంగల్ ఎండల సంగతి చెప్పాలా?

చిల్లు పూడ్పిద్దామని మొదట ఓ వెల్డింగు షాపుకు తీసుకెళితే, అక్కడి కుర్రాడు డబ్బా అందుకుని ఏమీ అడక్కుండానే గ్యాసు టార్చి వెలిగించబోయాడు. డబ్బా లాక్కుని వచ్చేశాను. షాపు పేరెందుకు గానీ, ఆ కుర్రాడికి ఎవరూ చెప్పి ఉండరు. రోజూ గ్రిల్లులూ గేట్లూ చేసే చేతికి ఇదీ ఓ రేకు ముక్కే.

ఇంటికొచ్చి కడుగుడు మొదలుపెట్టాను. వేడినీళ్లలో బట్టల సోడా కలిపి డబ్బాలో పోసి, గుప్పెడు పాత నట్లు వేసి, మూత బిగించి ఊపాలి. ఇరవై లీటర్ల డబ్బా... సగం నీళ్లకే పది కిలోలు దాటుతుంది. బాపు కుర్చీలోంచి చూసి చూసి, లేచి వచ్చి రెండో పిడి పట్టుకున్నాడు. ఇద్దరం చెరోవైపు నిలబడి ఊయలూపినట్టు ఊపాం. నల్లటి నీళ్లు, తుప్పు రజను, ఏనాటిదో ఎండిన బొద్దింక... మూడుసార్లు కడిగితే గాని గాసునూనె వాసన వదల్లేదు. తర్వాత కిలో నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కరిగించి డబ్బా నిండా పోసి రెండు రాత్రులు ఉంచాను. చిల్లులోంచి సన్నగా కారుతుంటే కింద బకెట్టు పెట్టి మళ్లీ మళ్లీ పోశాం. నిమ్మ ఉప్పు తుప్పును కరిగిస్తుంది, గట్టి ఇనుము జోలికి అంతగా వెళ్లదు. చింతపండుతో ఇత్తడి చెంబులు తోమే ఇంట్లో ఈ కిటుకు ఎవరికీ కొత్త కాదు. కాకపోతే కడిగిన వెంటనే ఎండలో బోర్లించి ఆరబెట్టాలి. అరగంట ఆలస్యమైతే లోపల మళ్లీ ఎర్రటి పొగమంచు పట్టినట్టవుతుంది.

చిల్లుకు మందు చివరికి బాపే చెప్పాడు. 'వెల్డింగెందుకు బిడ్డా, మాట్లేసేటోన్ని సూడు' అన్నాడు. నిజమే కదా! బిందెలకు మాట్లు వేసేవాళ్లు మన వీధుల్లో కేక వేసుకుంటూ తిరిగిన రోజులు మరీ పాతవేం కావు. స్టీలు, ప్లాస్టిక్కు వచ్చి వాళ్ల పొట్ట కొట్టాయి. ఇత్తడి పనికి దేశమంతా పేరున్న పెంబర్తి మా ఉమ్మడి జిల్లాలోదే. దేవుళ్ల తొడుగులకు, షీల్డులకు అక్కడ చేతులున్నాయి గానీ, చిల్లు డబ్బాకు మాటు వేసే మనిషి కోసం నాలుగు రోజులు తిరగాల్సి వచ్చింది. మండిబజారు వెనక సందులో దొరికాడో పెద్దాయన. డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చాడు. 'గాసునూనెనా, పెట్రోలా?' అన్నాడు. 'అంతకుముందు పెట్రోలు కాకా' అన్నాను. కడిగానని చెప్పినా వినలేదు. మళ్లీ నీళ్లు పోయించాడు. సైకిల్ ట్యూబు ముక్కను వాషరులా కోసి మూత బిగించి, డబ్బాను తలకిందులు చేశాడు. లోపలంతా నీళ్లే, చిల్లు దగ్గర మాత్రం నాలుగు వేళ్ల సందు. పేలడానికి ఇక చోటెక్కడ?

బొగ్గుల కుంపటి డబ్బాకు పది అడుగుల దూరంలో ఉంది. దాంట్లో ఎర్రగా కాగిన రాగి మొన తెచ్చి, నవాసాగరం ముక్కకు రుద్దితే గుప్పున తెల్లటి పొగ. తగరం, సీసం కలిపిన కడ్డీ ఆ మొనకు తాకగానే నీళ్లలా కరిగి అతుకులోకి జారిపోయింది. అయిదు నిమిషాల పని. దానికి ముందు సన్నాహం ముప్పావుగంట. సీసం ఉంది కాబట్టి ఇక ఈ డబ్బాలో తాగే నీళ్లు మాత్రం ఎప్పటికీ పోయకూడదు. ఈ మాట ఆయనే రెండుసార్లు చెప్పాడు. నూటయాభై తీసుకున్నాడు. బండి అబ్బాయి ఇస్తానన్న దానికంటే ముప్పై ఎక్కువ!

బాపు కంటే పెద్దది

అసలు కథ రంగు దగ్గర మొదలైంది. పాత రంగును పొడిగా గీకడం, గరుకు కాగితంతో రుద్ది దుమ్ము లేపడం మంచిది కాదు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. తొంభైలలో వేసిన ఎరుపులో, వెండిలో ఏముందో ఎవరికి తెలుసు? అందుకే నీళ్లు చల్లుతూ వాటర్ పేపరుతో రుద్దాను. ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు. అక్క పిల్లలు వచ్చిన రోజు పని బంద్. కాలువలోకి పోకుండా ఆ బురదంతా పాత పేపర్లలోకి ఎత్తి పారేశాను. (మా ఆదివారం అనుబంధాలే. దేనికో ఒకదానికి పనికొస్తాయని మా డెస్కులో ఓ పెద్దాయన అంటుంటారు.)

వెండి కింద ఎరుపు. ఎరుపు కింద మిలిటరీ పచ్చ. దాని కింద ఇంకా ముదురు పచ్చ! నూరుతుంటే ఒక్కో పొరా అంచులు వలయాల్లా తేలుతాయి, కొట్టేసిన చెట్టు మొదలు మీద కనిపించేటట్టు. ఓ పక్క అన్ని పొరలూ దాటి ఇనుము దాకా వెళ్లేసరికి వేలికి ఏదో గరుకుగా తగిలింది. తడిగుడ్డతో తుడిచి చూద్దును కదా... ఇనుములోకి అచ్చుగుద్దిన ఇంగ్లిషు అక్షరాలు. డబ్ల్యూ, డి. రెండింటి మధ్య కోడికాలు ముద్రలాంటి బాణం. పక్కన 1944.

బాపును పిలిచాను. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, మొహం డబ్బాకు ఆనించి చూశాడు. 'ఇంగ్లీషోని కాలందా ఇది!' అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన ఇది తన కాలపు సైన్యానిదే అనుకుంటున్నాడు. ఆయన పుట్టింది 1954లో. తన కంటే పదేళ్లు పెద్దదాన్ని జీపుకు కట్టుకుని తిరిగాడన్నమాట.

డబ్ల్యూ డి అంటే వార్ డిపార్టుమెంటు. బాణం గుర్తు బ్రిటిష్ సర్కారు సొత్తుకు ముద్ర. ఇక్కడితో ఆగితే బాగుండేది గానీ, విలేకరి బుద్ధి కదా, తవ్వడం మొదలుపెట్టాను. ఈ డబ్బా పుట్టింది బ్రిటన్‌లో కాదు. జర్మనీలో, 1937లో. యుద్ధానికి ముందుచూపుతో హిట్లర్ సైన్యం చేయించుకున్నది. బ్రిటిష్ సైనికులు జర్మన్లను 'జెర్రీ' అని వెక్కిరింపుగా పిలిచేవారు. శత్రువు డబ్బాకు ఆ పేరే ఖాయమైంది.

అప్పటికి బ్రిటిష్ సైన్యం పెట్రోలు దేంట్లో మోసేదో తెలుసా? నాలుగు గ్యాలన్ల పల్చటి రేకు డబ్బాలో. మన లెక్కలో పద్దెనిమిది లీటర్లు. గుర్తొచ్చిందా? ఇంచుమించు మన గాసునూనె డబ్బా! పై రేకు కోసి పిడి వేయించుకుని నీళ్లు మోసిన డబ్బా, బియ్యం పోసుకున్న డబ్బా, పెళ్లిళ్లలో సాంబారు కాచిన డబ్బా. మన ఇళ్లలో అది అంతగా అక్కరకొచ్చింది గానీ ఉత్తర ఆఫ్రికా ఎడారిలో ఘోరంగా ఓడిపోయింది. లారీల కుదుపులకు అతుకులు విడిపోయేవి. ఇంధనంలో 30 శాతం దాకా దారిలోనే కారిపోతోందని ఆ రంగంలో సేనాధిపతిగా ఉన్న జనరల్ ఆకిన్లెక్ లెక్కగట్టాడు. తర్వాత అవిభక్త భారత సైన్యానికి చివరి కమాండర్ ఇన్ చీఫ్ ఆయనే. మన నాలుగో ఇండియన్ డివిజన్ జవాన్లు పోరాడింది ఆ ఎడారిలోనే. కారిపోయిన డబ్బాలను సగానికి కోసి, ఇసుక నింపి, దాని మీద పెట్రోలు పోసి వెలిగించి ఆ ఎడారిలో సైనికులు చాయ్ కాచుకునేవారు. రేకు డబ్బాను పొయ్యి చేసుకోవడం మన పేటెంటే అనుకున్నాను ఇన్నాళ్లూ!

పట్టుబడిన జర్మన్ డబ్బాలు చూశాక వాళ్లకు బుద్ధొచ్చింది. ఎంత ఆలోచించి చేశారో చూడండి. రెండే రెండు అచ్చు పలకలు, మధ్యలో ఒకే అతుకు, అదీ దెబ్బ తగలకుండా లోపలికి నొక్కి ఉంటుంది. మూడు పిడులెందుకంటే, నిండు డబ్బాను ఒకరు నడిమి పిడితోనో, ఇద్దరు చెరో పిడితోనో మోయొచ్చు. ఖాళీవైతే ఒక చేత్తో రెండు. పిడుల వెనక ఎత్తుగా ఉన్న మూపురంలో గాలి నిలుస్తుంది. ఎండకు పెట్రోలు ఉబ్బినా చోటుంటుంది, నీళ్లలో పడేస్తే తేలుతుంది కూడా. పొట్ట మీద ఇంటూ గుర్తు అలంకారం కాదు, రేకుకు బలం. మూతకు మర లేదు, ఒక కొక్కెం. చేతికి గ్లౌజున్నా బొటనవేలితో నొక్కి తీయొచ్చు. బ్రిటిష్ వాళ్లు దీన్ని మక్కికి మక్కి దించేశారు. వాళ్ల డబ్బాల్లో ఒకటి, 1944లో అచ్చయినది, మా మెట్ల కింద తేలింది.

ఇంకో ముచ్చట చెప్పి ఈ చరిత్ర ఆపేస్తాను. ఈ డబ్బా సంగతి అమెరికాకు చేరింది మన దేశం మీదుగానే. బెర్లిన్‌లో పనిచేసే పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజినీరు 1939లో ఓ జర్మన్ మిత్రుడితో కలిసి కారులో ఇండియాకు బయల్దేరాడు. దారిలో నీళ్లకు ఉంటాయని ఆ మిత్రుడు మూడు సైనిక డబ్బాలు సంపాదించి కారు కింద బిగించాడు. ఇండియాలో సగం దూరం వచ్చాక జర్మనీ నుంచి పిలుపొచ్చి ఆ మిత్రుడు వెళ్లిపోయాడు. పోతూ పోతూ డబ్బా తయారీ కొలతలన్నీ ప్లైస్ చేతిలో పెట్టాడట! ప్లైస్ ఒక్కడే కలకత్తా చేరి, కారును అక్కడ భద్రపరిచి అమెరికా వెళ్లిపోయాడు. ఇది బాపుకు తెగ నచ్చింది. యుద్ధం సంగతి కాదు, అంత దూరం కారు నడపడం! 'యే కారు? సస్పెన్షన్ ఎట్లుండెనో!' అని రెండు రోజులు అదే ధ్యాస.

గీతలు

పాత మిలిటరీ వస్తువులు సేకరించేవాళ్లు ఇలాంటివి దొరికితే రంగులన్నీ తీసేసి, తయారైన నాటి పచ్చ ఏదో పట్టుకుని అచ్చం అదే వేస్తారు. వాళ్లకు ముద్ర ముఖ్యం, సంవత్సరం ముఖ్యం. నేనూ ఆ దారిలోనే ఉన్నాను. మూడు పక్కలు ఇనుము దాకా వచ్చేశాయి. తుప్పు తిన్న గుంతల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే మందు పూస్తే అది నల్లటి పొరగా గట్టిపడింది. నాలుగో పక్క, జీపుకు ఆనుకుని ఉండే వెడల్పాటి పక్క మిగిలింది. ఆ ఆదివారం పొద్దున దాని మీది వెండి రంగు నూరుతున్నాను.

ఎర్ర రంగు తేలింది. ఎరుపు మీద సన్నటి వెండి గీతలు మెరిశాయి. మొదట నూరింది చాలలేదేమో అనుకున్నాను. కాదు. మేకుతో ఎరుపు మీద గీసిన గాట్లు అవి. పైన పూసిన వెండి రంగు ఆ గాట్లలో దిగి నిలిచిపోయింది. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డ గీత. మళ్లీ నాలుగు, మళ్లీ ఒకటి... రెండు వరసలు. ఒక వరస మొదట్లో 96 అని, రెండో దాని మొదట్లో 98 అని ఉంది. లెక్కపెట్టాను. మొదటి వరసలో ముప్పై ఒకటి. రెండో దాంట్లో అరవై నాలుగు.

చాయ్ తెచ్చిన అమ్మ గ్లాసు చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయింది. 'అవి జాతర ట్రిప్పులు' అంది.

మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి. ఆ రోజుల్లో జీపులవాళ్లకు అదే పెద్ద పంట. బాపు తాడ్వాయి దగ్గర మకాం వేసి, అక్కడి నుంచి మేడారం అడవి దారిలో భక్తులను చేరవేసేవాడు. ట్రిప్పు ట్రిప్పుకూ ఒక గీత. 96 జాతరకు ముప్పై ఒకటి. 98కి రెట్టింపు దాటింది. జనం పెరిగి కాదు.

1997లో బాపు పరకాల వైపు ఆరెకరాలు కౌలుకు పట్టి పత్తి వేశాడు. ఆ ఏడు లద్దె పురుగు ఎలా పడిందో ఈ జిల్లాలో నలభై దాటినవాళ్లెవరినైనా అడగండి. మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు. అప్పులు పెరిగాయి. ఆ 1997-98 చలికాలంలో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్త అయ్యాయి. పురుగు చావని మందు మనిషిని చంపింది. నేను మా పేపరు పాత ఫైళ్లలో ఆ వార్తలు చాలాసార్లు చూశాను, రిఫరెన్సు కోసం. మా ఇంటి సంగతి మాత్రం ఎన్నడూ ఎవరూ చెప్పలేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

'రెండు మందు డబ్బలు మిగిలినయ్ ఇంట్ల' అంది అమ్మ, మెట్టు మీద కూర్చుంటూ. 'మీ బాపు లేనప్పుడు పెరట్ల బొంద దీసి పారబోసిన. అయినా భయమే. రాత్రి లేచి మనిషిని తడిమి సూసేదాన్ని. జాతరకు పోయిండు, పది పన్నెండు దినాలు ఇంటికి రాలె. నిద్ర లేదు, తిండి లేదు, తిరుగుడే తిరుగుడు. తెలిసినోళ్ల జీపు ఎవరిదొచ్చినా పోయి అడిగేది, మావోడు కనవడ్డడా అని. కనవడ్డడు వదినె, ట్రిప్పులు కొడుతున్నడు అనేటోళ్లు. ట్రిప్పులు కొడుతున్నడంటే నాకు పానం నిమ్మళం.'

జాతర డబ్బు వడ్డీలకే సరిపోయింది. ఆ ఎండాకాలమే జీపు అమ్మారు. కొన్నవాడు డబ్బా కూడా అడిగితే బాపు ఇవ్వలేదట. తీసుకొచ్చి వెండి రంగు పూశాడు. తర్వాత పదిహేనేళ్లు వేరేవాళ్ల లారీలు నడిపాడు. అమ్మ పుస్తెలతాడు తాకట్టులోంచి ఇంటికొచ్చింది 2003లో.

ఇదంతా అమ్మ చెబుతుండగా బాపు ఎప్పుడు వచ్చాడో వెనక నిలబడ్డాడు. వంగి, వేలితో ఒక్కో కట్టా తాకుతూ లెక్కపెట్టాడు. అమ్మ మాటల గురించి ఏమీ అనలేదు. 'అరవై నాలుగు గాదు. ఇంకో రెండున్నయ్' అన్నాడు.

'మరి గీయలేదేం బాపూ?'

'పైసల్ దీస్కోనియి గీయలే. ఒకటి, కాలు ఇరిగిన ముసలామె. ఇంకోటి, తప్పిపోయిన పిల్లగాడు, ఆని తల్లి దగ్గరికి.' కాసేపాగి, 'గీకెయ్ బిడ్డా. యూనిట్ల రెండు రంగుల క్యాను నడువది' అన్నాడు.

'గీకితే ఈసారి బండోనికి నేనే ఇచ్చేస్త' అంది అమ్మ. పీడ పోతదన్న మనిషే!

నాకేమో సేకరణవాళ్ల పద్ధతి తెలుసు. నాలుగు పక్కలూ ఒకే పచ్చ ఉంటేనే అందం. పని సగంలో ఆపితే అది బాగుచేసినట్టా, మొండిగా వదిలేసినట్టా? రెండు రోజులు వాటర్ పేపరు ముట్టుకోలేదు. 1944 ముద్ర లోహంలో ఉంది, దాన్ని ఎంత నూరినా పోదు. ఈ గీతలు ఉన్నది రంగులో. రంగు మందం ఎంత ఉంటుంది? వేలిగోరులో సగం కూడా ఉండదు. నాలుగు రుద్దుళ్లకు పోతాయి. ముద్ర లాంటివి ప్రపంచంలో లక్షల డబ్బాల మీద ఉన్నాయి. ఆలోచిస్తే లెక్క తేలిపోయింది.

నాలుగో పక్క అలాగే ఉంచాను. మిగిలిన మూడింటికి రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, ఆరాక మిలిటరీ పచ్చ రెండు కోట్లు. ముద్ర ఉన్నచోట రంగు గుంతల్లో నిండిపోకుండా పల్చగా తుడిచాను. ఎరుపు వైపు చుట్టూ అంచులకు కాగితం టేపు అంటించి, గీతల మీద క్లియర్ వార్నిష్ రెండుసార్లు. వెండి ఇంకా మెరుస్తోంది. లోపల గరిటెడు ఇంజనాయిలు పోసి, డబ్బాను అన్ని వైపులా దొర్లించి, మిగిలింది వంచేశాం. తుప్పు పట్టకుండా. మూతకు కొత్త రబ్బరు వాషరు స్టేషన్ రోడ్డులో దొరికింది. 'ఏ బండికి మేడం?' అని అడిగాడు షాపాయన. బండి లేదని చెబితే వింతగా చూశాడు.

బాపు ఊరుకుంటాడా? ఇన్‌స్పెక్షన్ చేశాడు! ముందు నీళ్లు నింపి, తలకిందులు చేసి, కింద పేపరు పరిచి రాత్రంతా ఉంచాడు. తెల్లారి పేపరు పొడిగా ఉంది. కొక్కెం పది సార్లు తీసి వేసి చూశాడు. ఎరుపు వైపు తిప్పినప్పుడు మాత్రం ఏం మాట్లాడలేదు. 'ఈ పక్క గోడకు పెట్టుండ్రి' అన్నాడు. అమ్మ మధ్యాహ్నం ఊడుస్తూ ఊడుస్తూ దాన్ని ఇవతలికి తిప్పింది. సాయంత్రానికి మళ్లీ గోడకు తిరిగింది. ఇప్పటికీ మా ఇంట్లో అది రోజుకోవైపు ఉంటుంది.

రెడ్ ఆక్సైడ్ పావు లీటరు మిగిలింది. ఎండిపోతుందని బాపు దాన్ని గేటుకు పూస్తున్నాడు.